మా తమ్ముడు సీఆర్పీఎఫ్ నుంచి కోబ్రాకి (అడవుల్లో మావోయిస్టుల మీదికి వెళ్లే సీఆర్పీఎఫ్ కమాండో దళం) వెళ్తానంటున్నాడు. నిజంగా అంత రిస్కా?

చెల్లెమ్మా, ఐదేళ్లు కోబ్రాలో చేసి వచ్చినవాణ్ని కాబట్టి చెబుతున్నా. రిస్కే. కాకపోతే టీవీలో చూపించే రకం కాదు.

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఒక మే నెల. క్యాంపు వదిలి మూడో రోజు. వీపు మీద పిట్టూ (సామాన్ల సంచి) ఇరవై కేజీల పైమాటే, బాటిళ్లలో నీళ్లు పొద్దున్నే అయిపోయాయి. మధ్యాహ్నం ఒక ఊరి చివర చేతిపంపు కనిపించింది. పక్కన పెద్ద ఇప్పచెట్టు, దాని కింద చిక్కటి నీడ. పరిగెత్తబోతుంటే కమాండర్ చెయ్యెత్తి ఆపేశాడు. ఎండకి మేం ఎక్కడ కూలబడతామో మావోయిస్టులకి తెలుసు, ఐఈడీ (మందుపాతర) అక్కడే పాతుతారు. కాలు పడితే చాలు.

మేమంతా చుట్టూ ఎండలో బోర్లా పడుకున్నాం. కుక్కతో ఇద్దరు అడుగడుగూ వెతుక్కుంటూ వెళ్లారు. గంటన్నర పట్టింది. ఎవరో అంతకుముందే నీళ్లు కొట్టినట్టున్నారు, పంపు కింద మట్టి తడిగా ఉంది. ఆ తడినే చూస్తూ పడుకున్నా. నా పక్కనున్న బిహారీ కుర్రాడు పెదాలు తడుపుకోబోయి, నోట్లో తడి లేక ఊరుకున్నాడు. చివరికి ఏమీ దొరకలేదు. వట్టి పంపే. ముందు కుక్కకి పట్టి, తర్వాత మేం తాగాం.

డ్యూటీలో ఎక్కువ రోజులు ఇంతే. కాల్పులు నాకు గుర్తున్నవి రెండుసార్లే. మలేరియా కూడా రెండుసార్లే, కానీ ఎక్కువ భయపెట్టింది అదే.

ఊరొస్తే మాత్రం పెళ్లి భోజనాల దగ్గర "ఎంతమందిని లేపేశావురా?" అని అడుగుతారు. పైగా "ఆర్మీ అబ్బాయి" అంటారు. సెంట్రల్ రిజర్వ్ పోలీస్ ఫోర్స్, పేరులోనే పోలీస్ ఉంది కదా! పోలీసులమంటే ఎవరూ భయపడరు, ఆర్మీ అంటే ఆర్మీకిచ్చేవి ఇవ్వరు. 2004 జనవరి తర్వాత చేరినవాళ్లం, పాత పెన్షనూ లేదు. 2008లో కోబ్రాని మన పోలీసుల గ్రేహౌండ్స్ దళాన్ని చూసే పెట్టారు, ఆ మాట కూడా మనవాళ్లెవరూ చెప్పుకోరు.

2021 ఏప్రిల్ 3న బీజాపూర్-సుక్మా సరిహద్దులో మావోయిస్టుల దాడిలో 22 మంది జవాన్లు పోయారు. వాళ్లలో మన విజయనగరం, గుంటూరు జిల్లాల వాళ్లున్నారు. నేను అప్పుడు వేరే బెటాలియన్‌లో, సిగ్నల్ లేని చోట ఉన్నా. రెండు రోజుల తర్వాత ఫోన్ చేస్తే మా ఆవిడ హలో అనలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. కాసేపటికి "అన్నం తిన్నావా?" అంది. వాళ్లింట్లో ఆ రెండు రోజులూ పొయ్యి వెలిగించలేదని తర్వాత మా అత్త చెప్పింది.

అందుకే, వెళ్లేదుంటే పెళ్లికి ముందే వెళ్లి రమ్మనండి. దోమతెర మంచిది కొనివ్వండి, ఇచ్చేది చాలదు. సాక్సులు నాలుగు జతలు ఎక్కువ పెట్టండి.