గాబరాకు నిద్ర గోలీ రాసిండ్రా? కల్లు సంగతి ముందు చెప్పుండ్రి

ప్రశ్న నాగర్‌కర్నూల్ దిక్కుది: అమ్మకు గాబరా, గుండె దడ ఉన్నయి, డాక్టరు ఎస్సిటాలోప్రామ్‌తో పాటు క్లోనాజెపామ్ అనే నిద్ర గోలీ రాసిండు, దానికి అలవాటు పడతదా అని.

నెలల తరబడి రోజూ ఏస్తే పడతది. ఆ చీటీల అసలు వైద్యం ఎస్సిటాలోప్రామ్‌దే. అది గుణం చూపేటందుకు రెండు నుంచి ఆరు వారాలు పడతది, మొదట్ల గాబరా కొంచెం పెరుగొచ్చు గూడ. ఆ నడిమి రోజులు గట్టెక్కించేటందుకే క్లోనాజెపామ్: చిన్న మోతాదు, రెండు నుంచి నాలుగు వారాలు. మనోళ్లు చేసేది ఉల్టా. గంటల గుణం చూపిన గోలీని పట్టుకుంటరు, నిదానంగ పనిచేసేదాన్ని పదిరోజులకే పక్కన పెడతరు. ఈ తీరు నిద్ర గోలీలల్ల ఆల్ప్రాజోలం, డైజిపామ్ షెడ్యూల్ హెచ్1 మందులు, అంటే డాక్టరు చీటీ మీదనే, లెక్క రాసి అమ్మాల్సినవి. అమ్మితే రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు రిజిస్టరుల ఎక్కించి మూడేండ్లు దాచాలె. పాత చీటీ చూపిస్తే షీటుకు షీటే చేతుల పెట్టే షాపులకు ఈ ముచ్చట ఎవరు చెప్పాలె?

మీరు అడగలేదు గని, అమ్మ కల్లు తాగుతదా? డాక్టరు 'మందు తాగుతరా' అంటే లేదనే చెప్తరు. కల్లును మన దగ్గర మందు లెక్కల ఎవరు కట్టిండ్రు? పాలమూరు, నల్లగొండ దిక్కు కల్తీ కల్లుల కలిపేది ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్. మొదటి రెండూ క్లోనాజెపామ్‌కు అన్నదమ్ములే. మీదికెల్లి గోలీ పడితే మత్తు రెండింతలైతది, శ్వాస మందగిస్తది, రాత్రి బాత్రూంకు లేచిన ముసలామె పడి తుంటి విరగ్గొట్టుకుంటది.

కల్లు ఒక్కసారే బందైతే ఇంకా కష్టం. ఒకటి రెండు రోజులకే చేతులు వణుకుతయి, చెమటలు, నిద్ర ఉండదు, తనలో తనే మాట్లాడుతది, ఫిట్స్ గూడ రావచ్చు. ఇంట్లోళ్లు గాలి సోకిందనుకుంటరు. 2020 లాక్‌డౌన్‌ల కల్లు దుకాణాలు మూతపడంగనే ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎగబడ్డది ఇందుకే. ఫిట్స్ రాకముందు ఇది అచ్చం గాబరా రోగం లెక్కనే ఉంటది. పొద్దుగూకే యాళ్లకు దడ మొదలై, సీసా తాగంగనే పోతుంటే అనుమానపడాలె.

మాన్పించే పద్ధతి డాక్టరు చేతుల ఉండాలె. ఎక్కువసేపు ఒంట్ల నిలిచే డైజిపామ్‌కు మార్చి, రెండు మూడు వారాలకోసారి పదో వంతు చొప్పున తగ్గిస్తరు. ఆఖరి ముక్కలే కష్టం, అక్కడ ఇంకా నెమ్మదిగ పోవాలె. ఆల్ప్రాజోలం 'రోజు ఇడిచి రోజు' ఏస్తే కుదరదు. పన్నెండు గంటలకే సగం దిగిపోయే మందు, రెండో రోజుకు వణుకు పుడతది. కల్లుల ఎంత కలిపిండ్రో ఎవరికీ తెల్వదు, సీసా సీసాకు మారుతది. అందుకే జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి పోయినప్పుడు రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల నుంచి, చివరిది ఏ రోజు ఎన్ని గంటలకు తాగిందో చీటీ మీద రాసుకొని పోండ్రి. పోయేదాక అమ్మకు కల్లు గాని గోలీ గాని మీ అంతట మీరు బంద్ పెట్టకుండ్రి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్‌ల (సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) తెలుగుల మాట్లాడుతరు. ఫిట్స్ వస్తే మాత్రం ఫోన్లతోని ఆగకుండ 108కు చేయుండ్రి.