ఎవరెస్ట్ బేస్ క్యాంప్‌కి లోన్ తీస్కోనా అని అడిగిన తమ్ముడికి

ప్రశ్న: అక్కా, నాకు 28 ఏళ్ళు, మాది కరీంనగర్, హైదరాబాద్‌లో జాబ్. చేతికి 46 వేలు వస్తది. ఇంటికి 12 వేలు పంపిస్తా, రూమ్ తిండి కలిపి 14 వేలు, బైక్ ఈఎంఐ 4,200 ఇంకో 5 నెలలు ఉంది, సిప్ 3 వేలు. ఎఫ్‌డీ లక్షన్నర ఉంది. ఫ్రెండ్స్ ఈ అక్టోబర్‌లో ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ పోతున్నారు, ఖాట్మండు నుంచి ఖాట్మండు ప్యాకేజీ 72 వేలు అన్నారు. లక్ష పర్సనల్ లోన్ యాప్‌లో రెడీగా ఉంది, లేదంటే అమ్మ పేరు మీదున్న 2 లక్షల చిట్టీ పాడుకోవచ్చు, లేదా ఎఫ్‌డీ తీసేయనా? ఇప్పటిదాకా ఏ ట్రెక్కూ చేయలేదు.

జవాబు: తమ్ముడూ, వెళ్ళు. 28 ఏళ్ళప్పుడు మోకాళ్ళు బాగున్నప్పుడే చూడాల్సిన దారి అది, డబ్బు వేస్ట్ అని నేను అనను. కానీ ఈ అక్టోబర్ కాదు, వచ్చే అక్టోబర్, లోన్ లేకుండా. ఎందుకో లెక్కతో చెప్తా.

ముందు ఆ లక్ష నీకు సరిపోదు. ప్యాకేజీ 72 వేలు, హైదరాబాద్ నుంచి ఖాట్మండు పోయిరావడానికి ఫ్లైట్లు 25 వేలు అనుకో, షూస్, థర్మల్స్, అద్దె సామాను 12 వేలు, ఖాట్మండులో ముందూ వెనకా ఉండే రాత్రులకి 8 వేలు, గైడ్‌కీ పోర్టర్‌కీ టిప్పు 7 వేలు, ఇన్సూరెన్స్ 5 వేలు, పైన వేడినీళ్ళు, ఛార్జింగ్, వైఫై, టీలు ఇంకో 8 వేలు, ఇవి చాలా ప్యాకేజీల్లో ఉండవు, పైకి పోయేకొద్దీ ప్రతిదాని రేటూ పెరుగుతది ఎందుకంటే నడక మొదలయ్యే లుక్లా ఊరు దాటాక సామానంతా మనిషి వీపు మీదో జంతువు మీదో, లేదంటే హెలికాప్టర్లోనో రావాలి. మొత్తం 1,37,000. దీని మీద ఇంకో 15 వేలు ముట్టుకోకుండా ఉంచాలి, అది లుక్లా కోసం.

లుక్లా ఎయిర్‌పోర్ట్ సుమారు 2,845 మీటర్ల ఎత్తున కొండ అంచున ఉంటది, మబ్బు పట్టిందంటే ఫ్లైట్లు ఆగిపోతయ్, ఒక్కోసారి రెండు మూడు రోజులు. సీజన్‌లో చాలా ఫ్లైట్లు ఖాట్మండు నుంచి కాకుండా రామెఛాప్ నుంచి నడుపుతారు, అక్కడికి అర్ధరాత్రి బయల్దేరి నాలుగైదు గంటలు రోడ్డు ప్రయాణం. కాబట్టి ఖాట్మండు నుంచి నీ రిటర్న్ టికెట్‌కి ముందు కనీసం రెండు రోజులు ఖాళీ పెట్టుకో, డేట్ మార్చుకోగలిగే టికెట్ తీస్కో. ఇంకోటి, ఆఫీస్‌లో ఈఎల్స్, అంటే జీతం కోత లేని సెలవులు, ఎన్నున్నయ్? అవి అయిపోతే లాస్ ఆఫ్ పే, నీ జీతానికి రోజుకి 1,500 పైనే, దాన్ని కూడా ట్రిప్ ఖర్చులో రాస్కో.

ఇప్పుడు లోన్ చూద్దాం. లక్షన్నర, 16 శాతం వడ్డీ, 24 నెలలు అనుకుంటే ఈఎంఐ 7,345 పడతది. వడ్డీ 26 వేల పైన, ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో కలిపి ఇంకో మూడున్నర వేలు, అంటే సుమారు 30 వేలు. నీ రానూపోనూ ఫ్లైట్ ఖర్చు కంటే ఎక్కువ. పైగా బైక్ ఈఎంఐ ఇంకా నడుస్తుండగా.

చిట్టీ సంగతి అయితే అసలు ఆలోచించకు. అది అమ్మ ఏదో పని పెట్టుకుని వేసి ఉంటది, మొదటి నెలల్లో పాడితే పోటీ ఎక్కువుండి 2 లక్షల చిట్టీలో ముప్పై నలభై వేలు అక్కడే పోవచ్చు, ఆ తర్వాత నెల నెలా కట్టుడు ఎటూ తప్పదు. ఎఫ్‌డీ నీ ఎమర్జెన్సీ, ఉద్యోగం పోతే ఐదు నెలలు నిన్నూ ఇంటినీ నడిపేది అదొక్కటే, దాన్ని ముట్టుకోవద్దు. సిప్ కూడా ఆపొద్దు.

అన్నీ పోను నీ దగ్గర నెలకి 12,800 మిగలాలి, అది ఎటు పోతుందో నువ్వు రాయలేదు. జీతం పడిన మర్నాడే 9 వేలు ఆర్‌డీకి పోయేలా పెట్టు, 12 నెలలకి 1,08,000. బైక్ ఈఎంఐ అయిపోగానే ఆ 4,200 కూడా ఇంకో ఆర్‌డీలోకి మళ్ళించు, ఏడు నెలలకి 29,400. వడ్డీ నాలుగు వేల దాకా వస్తది. లక్షా నలభై వేలు దాటింది కదా, దీపావళి బోనస్ ఏమైనా వస్తే సగం ఇందులో వెయ్, 15 వేల రిజర్వ్‌లో చాలావరకు అదే అయిపోతది.

మిగతా సగంతో డిసెంబర్‌లో కేదార్‌కంఠ పో. ఉత్తరాఖండ్‌లో సాంక్రీ నుంచి, సుమారు 3,800 మీటర్లు, మంచులో నాలుగైదు రోజులు, ఢిల్లీ దాకా ట్రైన్‌లో పోతే పదిహేను పద్దెనిమిది వేలల్లో అయిపోతది. ఒక్క ట్రెక్కూ చేయని మనిషి నేరుగా 5,364 మీటర్ల బేస్ క్యాంప్‌కి, పోను రాను 130 కిలోమీటర్ల నడకకి లక్షన్నర పెట్టడం నాకు నచ్చలేదు. నీ ఒంటికి ఎత్తు పడుతుందో లేదో, చలిలో డార్మిటరీలో పడుకోవడం నీకు ఇష్టమో కాదో ముందు తక్కువ ఖర్చులో తెలుస్తది.

ఎక్కడ తగ్గించుకోవచ్చో కూడా చెప్తా. డౌన్ జాకెట్, స్లీపింగ్ బ్యాగ్ కొనకు, ఖాట్మండు థామెల్‌లో రోజు అద్దెకి దొరుకుతయ్. షూస్ మాత్రం నీవే ఉండాలి, రెండు నెలలు ముందే వేసుకుని నడిచి ఉండాలి. పైన దాల్‌భాత్ తిను, అన్నం పప్పు మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. బాటిల్ నీళ్ళు కొనే బదులు క్లోరిన్ మాత్రలు పెట్టుకో. ఈ దారి ఉండే సాగర్‌మాథ నేషనల్ పార్క్ పర్మిట్ మనకి సార్క్ (దక్షిణాసియా దేశాల) రేటు, 1,500 నేపాలీ రూపాయలు, పైన వ్యాట్, ఇతర విదేశీయులకి 3,000. మన రూపాయికి 1.6 నేపాలీ రూపాయలు ఫిక్స్‌డ్ రేటు, కాబట్టి మన డబ్బుల్లో వెయ్యి చిల్లర. లుక్లా ఫ్లైట్‌కి కూడా ఇండియన్లకి వేరే రేటు ఉంటది, ప్యాకేజీ వాళ్ళు ఏ రేటు వేశారో అడుగు.

తగ్గించకూడనివి రెండు. దారిలో వచ్చే ఊళ్ళు నామ్‌చేలో ఒక రోజు, డింగ్‌బోచేలో ఒక రోజు ఎత్తుకి అలవాటు పడటానికి ఆగుతారు, ఆ రోజులు తీసేసి చవక ప్యాకేజీ ఇచ్చేవాళ్ళ దగ్గరికి పోవద్దు, ప్రాణం మీదికొస్తది. రెండోది ఇన్సూరెన్స్. ఆఫీస్ మెడిక్లెయిమ్ మామూలుగా ఇండియా దాటితే పని చేయదు. మామూలు ట్రావెల్ పాలసీలు చాలా వాటిలో ఇంత ఎత్తు ట్రెక్కింగ్ ఉండదు, నువ్వు బేస్ క్యాంప్ దగ్గర్లోని కాలాపత్థర్ కొండ ఎక్కితే 5,500 దాటుతావు కాబట్టి 6,000 మీటర్ల దాకా ట్రెక్కింగ్, హెలికాప్టర్‌లో దించడం రెండూ కవర్ అని పాలసీ కాగితం మీద రాసి ఉండాలి. బేస్ క్యాంప్‌కి ముందు ఆఖరి మజిలీ గోరక్‌షెప్ దగ్గర్నుంచి హెలికాప్టర్ అంటే రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దాకా కావచ్చు. నడవగలిగే వాళ్ళని కూడా భయపెట్టి హెలికాప్టర్ ఎక్కించి కంపెనీలకి బిల్లులు వేసిన మోసం 2018లో నేపాల్‌లో బయటపడింది, అందుకని హెలికాప్టర్‌కి ముందే ఇన్సూరెన్స్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయాలి, ఆ నంబర్ నీ దగ్గరా గైడ్ దగ్గరా ఇద్దరి దగ్గరా ఉండాలి. ఇంట్లో వాళ్ళు నీ మీద ఆధారపడి ఉన్నారు కాబట్టి టర్మ్ పాలసీ లేకపోతే ఈ సంవత్సరంలోనే తీస్కో, ఫారంలో సాహస క్రీడల గురించి అడిగితే ట్రెక్కింగ్ పోతా అని ఉన్నదున్నట్టు రాయి.

ఇంకో మాట, వీసా అక్కర్లేదు కానీ విమానంలో పోవడానికి ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టో ఓటర్ కార్డో ఉండాలి. ఫ్రెండ్స్‌కి ఈ రోజే ఫోన్ చేసి నేను వచ్చే ఏడు వస్తా అని చెప్పేయ్, వాళ్ళు నీ పేరు మీద అడ్వాన్స్ కట్టేస్తే దాన్ని వెనక్కి తెచ్చుకోవడం కష్టం.