సీసా సరే, మూత సంగతేంటి?

ఈసారి నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఉత్తరాల్లో సగానికి పైగా ఖాళీ గాజు సీసాల మీదే. జామ్, కాఫీపొడి, తేనె, కొన్న పచ్చళ్లు అయిపోయాక పారేయబుద్ధి కాక అటకెక్కించినవే అన్నీ. ఒకే సందేహం నలుగురు రాసినచోట ఒక ఉత్తరం తీసుకున్నాం.

జువ్వలదిన్నె నుంచి ఒక పాఠకురాలు: ఎండు రొయ్యలు పోసిన సీసాను సబ్బుతో, చింతపండుతో, చివరికి శనగపిండితో కూడా తోమాను. నీచువాసన పోలేదు. అందులో కాఫీపొడి పోసుకోవచ్చా?

పోసుకోవచ్చు, మూత మారిస్తే. గాజు వాసన పట్టదు. అనుమానముంటే మూత తీసేసి సీసాను మాత్రమే గంటసేపు ఎండలో పెట్టి వాసన చూడండి. తర్వాత మూతను ముక్కు దగ్గర పెట్టుకోండి. దొంగ అక్కడే దొరుకుతుంది. రేకు మూత లోపలి అంచున మెత్తగా, రబ్బరులా ఉండే తెల్లటి వలయం ఒకటి కనిపిస్తుంది. గాలి చొరబడకుండా ఆపేది అదే, నూనెనూ వాసననూ పీల్చుకునేదీ అదే. సబ్బు దాని పైపైనే పోతుంది.

వెనిగర్, నీళ్లు సమంగా కలిపి మూతను రాత్రంతా నాననివ్వండి. మర్నాడు కడిగి, రెండు రోజులు ఎండలో వెల్లకిలా పెట్టండి. అప్పటికీ కొడుతుంటే ఆ మూతను మళ్లీ ఎండు రొయ్యలకే వదిలేసి, కాఫీకి కొత్త మూత కొనండి. ప్యాకింగ్ సామాను అమ్మే కొట్లలో విడి మూతలు దొరుకుతాయి. తిప్పి బిగించే రేకు మూతల్లో 53, 63, 70, 82 మిల్లీమీటర్ల కొలతలు ఎక్కువగా కనిపిస్తాయి. స్కేలుతో కొలిస్తే ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా వస్తుంది, అంత తేడాకే మూత జారుతుంది. సీసానే వెంట తీసుకెళ్లి, అక్కడే బిగించి, నీళ్లు పోసి బోర్లించి చూసుకోండి.

పొదలకూరు నుంచి ఒక పాఠకురాలు: తోటలో కాసిన నిమ్మకాయలతో ఊరగాయ పెట్టి, ఖాళీ జామ్ సీసాలో పోశాను. నెలన్నర తిరక్కుండానే మూత లోపల నల్లటి పొక్కులు, తుప్పు. ఊరగాయ తినొచ్చా, పారబోయాలా?

తుప్పు పొట్టు లోపల రాలకుండా, పైన బూజు లేకుండా ఉంటే తినొచ్చు. పొడి గరిటెతో వేరే సీసాలోకి మార్చేయండి. పొట్టు పడినా, తెల్లగానో పచ్చగానో బూజు కనిపించినా మొత్తం పారబోయాల్సిందే. పైపైన తీసేసి కిందిది వాడుకోవడం చాలా ఇళ్లలో అలవాటు. కానీ కంటికి కనిపించినంత మేరే బూజు ఉండదు, దాని పోగులు లోపలికి దిగుతాయి.

రేకు మూత లోపల సన్నటి పూత ఉంటుంది. జామ్ అయిపోయాక మూతను స్టీలు పీచుతో తోమితే ఆ పూత మీద గీతలు పడతాయి. నిమ్మరసం, ఉప్పు కలిసి ఆ గీతల్లోంచే రేకును తినేస్తాయి. అందులోనూ పొదలకూరు నిమ్మ! పులుపూ ఉప్పూ ఉన్న దేనికైనా ప్లాస్టిక్ మూతే వాడండి. పాత పద్ధతిలో నూలుగుడ్డతో వాసెన కట్టి, పైన చిన్న పళ్లెం మూసినా చాలు. ప్రస్తుతానికి రేకు మూత తప్ప గతి లేదంటే, రెండు మడతల బటర్ పేపరు సీసా నోటి మీద వేసి బిగించండి. పదిహేను రోజులకోసారి ఆ కాగితం మార్చాలి.

సీసాను సిద్ధం చేయడంలో జరిగే పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. మరిగే నీళ్లను చల్లటి సీసాలో గుమ్మరిస్తే టప్పుమని పగులుతుంది. ఇది ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు కాదు, మామూలు సీసా గాజు. ఒక్కసారిగా వచ్చే వేడి తేడాను తట్టుకోలేదు. వెడల్పు గిన్నె అడుగున మడత పెట్టిన గుడ్డ వేసి, సీసాలను చల్లటి నీళ్లలోనే ముంచి, ఆ తర్వాత స్టవ్ వెలిగించండి. మరగడం మొదలయ్యాక 10 నిమిషాలు ఉంచండి. మూతలను మాత్రం మరిగించొద్దు, వేడి నీళ్లలో 5 నిమిషాలు చాలు. ఎక్కువైతే లోపలి వలయం మెత్తబడి ఆకారం చెడుతుంది. సీసాను పట్టకారుతో తీసి పొడి గుడ్డ మీద నిలబెట్టండి. బోర్లిస్తే ఆవిరి లోపలే చిక్కుకుని మళ్లీ నీరవుతుంది. ఆరాక రెండు మూడు గంటలు ఎండ చూపించండి.

తీసిన వేడి సీసాను నేరుగా వంటగట్టు మీద పెట్టకండి. మన ఇళ్లలో గట్టు ఎక్కువగా చీమకుర్తి గ్రానైటే. ఆ రాయి ఎండాకాలంలో కూడా చల్లగానే ఉండి, సీసా అడుగులోని వేడిని చటుక్కున లాగేస్తుంది. పగులు అడుగున వలయంలా వచ్చి, ఎత్తబోతే అడుగు గట్టు మీద, సీసా చేతిలో మిగులుతాయి. తాలింపు నూనె కూడా అంతే. వేలు పెట్టగలిగేంత ఆరాకే పోయాలి.

ఊరగాయ సీసా నోటికి 2 సెంటీమీటర్లు తక్కువగా నింపండి. కలపడానికీ తీయడానికీ స్టీలు చెంచా బదులు చెక్క గరిటె మంచిది. ఉదయగిరి కొయ్య గరిటెలు దీనికి భేషుగ్గా ఉంటాయి. కాకపోతే కడిగాక పూర్తిగా ఆరాలి. చెక్క తడి దాచుకుంటుంది.

కనిగిరి నుంచి ఒక పాఠకుడు: బోరు నీళ్లతో కడిగితే సీసాలన్నీ తెల్లగా మసకబారుతున్నాయి. ఇది ఫ్లోరైడేనా?

కాదు. కనిగిరి అనగానే అందరి ఆలోచనా అటే పోతుంది గానీ, ఆ తెల్లపొర నీటిలోని సున్నం. రసం పిండేసిన నిమ్మచెక్కలతో లోపల రుద్ది పావుగంట వదిలేయండి. మొండి మరకకు వెనిగర్, నీళ్లు సగం సగం పోసి గంటసేపు ఉంచండి. అడుగుకు చెయ్యి పట్టకపోతే గుప్పెడు బియ్యం, కాసిన్ని నీళ్లు పోసి మూత బిగించి గిలకొట్టండి. ఇంత చేసినా పోని మసక ఉంటే అది మరక కాదు, గాజే గీసుకుపోయింది. దాన్ని మేకులకో గుండీలకో వాడుకోండి. నిమ్మతోనో వెనిగర్‌తోనో గాజు మెరిసినంత మాత్రాన మీ నీటిలోని ఫ్లోరైడ్ తగ్గినట్టు కాదు. కాచినా అది పోదు.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు: అల్మారా అర కింద మూతలు బిగించి, సీసాలను వేలాడదీసే పద్ధతి చేయాలనుకుంటున్నాను. కొలతలు చెప్పండి.

అర 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అయితే 12 మిల్లీమీటర్ల స్క్రూలు వాడండి. 25వి బిగిస్తే మొన పైకి పొడుచుకొచ్చి, పై అరలో గిన్నె తీసేవాళ్ల చెయ్యి గీసుకుంటుంది. ఒక్కో మూతకు రెండు స్క్రూలు, మధ్యన 2 సెంటీమీటర్ల ఎడం. ఒక్క స్క్రూతో సరిపెడితే సీసా తిప్పినప్పుడల్లా మూత కూడా తిరిగి, పది రోజుల్లో బెజ్జం వదులవుతుంది. మూతను చెక్క ముక్క మీద పెట్టి లోపలి వైపు నుంచే మేకుతో బెజ్జాలు కొట్టండి. అప్పుడు రేకు గరుకు అంచు అర వైపు ఉంటుంది. స్క్రూ తల కింద చిన్న వాషర్ వేయండి, లేకపోతే బరువుకు రేకు చిరుగుతుంది. ప్లాస్టిక్ మూతలు ఈ పనికి పనికిరావు, స్క్రూ చుట్టూ నెర్రెలిస్తాయి.

రెండు సీసాల మధ్య 4 సెంటీమీటర్ల ఖాళీ లేకపోతే వేళ్లు దూరవు. లోపల వేసే సరుకు అర కిలో దాటకూడదు. బెజ్జాలు పడ్డాక ఆ మూత గాలిని ఆపదు కాబట్టి మేకులు, గుండీలు, దారపు ఉండలు, రోజూ వాడే పోపు గింజల వంటివే పెట్టండి. పొయ్యికి పైన మాత్రం వద్దు. ఆవిరికి మూతలు ముందు తుప్పుపడతాయి, మరకు పట్టేశాక విప్పడం పెద్ద పని.

కావలి నుంచి ఒక పాఠకురాలు: సీసాల్లో మనీప్లాంట్ పెట్టాను. వారం వారం నీళ్లు మారుస్తున్నా దోమ పిల్లలు కనిపిస్తున్నాయి, ఎందుకు?

నీళ్లు మారుస్తున్నారు, గోడ రుద్దడం లేదు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటించి పెడుతుంది. నీళ్లు పారబోసినా గుడ్లు అక్కడే ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగిలితే పొదుగుతాయి. మన ఎండలకు గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికి రెండుసార్లు మొక్క తీసి, సీసా లోపలి గోడను, ముఖ్యంగా నీటిగీత దగ్గర, పీచుతో గట్టిగా రుద్ది కడగండి. ఒకటి శుక్రవారం పెట్టుకుంటే నీటి పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టమనే ఆరోగ్య శాఖ వాళ్ల డ్రై డేతో కలిసొస్తుంది. వేళ్లను కూడా కుళాయి కింద కడగాలి. సీసా నోటిలో కాడ చుట్టూ దూది వదులుగా కూరితే దోమ లోపలికే వెళ్లలేదు. అసలైన అడ్డు అదే.

కొమ్మ కత్తిరించేటప్పుడు రెండు కణుపులు నీటిలో ఉండేలా, ఆకు ఒక్కటీ మునగకుండా చూసుకోండి. మునిగిన ఆకు కుళ్లి నీళ్లు కంపు కొడతాయి. సీసాకు పచ్చటి పాకుడు పడుతుంటే వెలుతురు ఎక్కువైందని అర్థం. చుట్టూ గోనెగుడ్డ చుడితే తగ్గుతుంది.

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు: దారాన్ని కిరోసిన్‌లో ముంచి సీసాకు చుట్టి, వెలిగించి, నీళ్లలో ముంచితే సరిగ్గా రెండు ముక్కలవుతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. నిజమేనా?

వీడియోలో పగిలిన సీసాలను చూపించరు. సీసా గాజు మందం అంతటా ఒకేలా ఉండదు, పక్కన అచ్చు అతుకు గీత కూడా ఉంటుంది. పగులు దారం వెంట బయల్దేరి ఆ గీత దగ్గర పక్కకు మళ్లుతుంది. నూటికి నూరుపాళ్లూ కుదిరినా అంచు కత్తిలా ఉంటుంది. దాన్ని 120, 220, 400 నంబర్ల వాటర్ పేపరుతో, నీళ్లు పోస్తూ వరసగా అరగదీయాలి. పొడిగా రుద్దితే గాజు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మంట, గాజు, వంటిల్లు ఒకచోట చేర్చేంత అవసరం దీనికి లేదు. జామ్ సీసా నోరు ఎలాగూ వెడల్పే, కోయకుండానే పెన్నులకో గరిటెలకో సరిపోతుంది.

దీపం కోసమే అయితే సీసా అడుగున రెండు అంగుళాల నీళ్లు పోసి, పైన సెంటీమీటరు మందాన నూనె, దాని మీద తేలే వత్తి పెట్టండి. నూనె అయిపోతే నీటికి తగిలి వత్తి ఆరిపోతుంది, గాజు కాలదు. సన్నగా, లోతుగా ఉన్న సీసాలో గాలాడక మసి పడుతుంది. పొట్టిగా, వెడల్పుగా ఉన్నది ఎంచుకోండి. తుఫాను రాత్రి కరెంటు పోతే నూనె కూడా అక్కర్లేదు. ఫోను టార్చ్ వెలిగించి, వెలుగు పైకి వచ్చేలా ఫోనును బోర్లా పెట్టి, బయట తడి లేకుండా తుడిచిన నీళ్ల సీసాను దాని మీద నిలబెడితే వెలుతురు గదంతా పరుచుకుంటుంది. ఇక్కడ మాత్రం మూత గట్టిగా ఉండాలి.

ఉలవపాడు నుంచి ఒక పాఠకురాలు: మూతలు పోయిన సీసాలు అరడజను ఉన్నాయి. ఎందుకైనా పనికొస్తాయా?

మొలకలకు ఇవే మేలు. అరలీటరు సీసాకు 50 గ్రాముల పెసలు మించకూడదు, ఉబ్బి సీసా నిండుతాయి. 8 గంటలు నానాక పల్చటి గుడ్డను నోటికి రబ్బరు బ్యాండుతో బిగించి నీళ్లు వంచేయండి. సీసాను నోరు కిందికి వచ్చేలా ఏటవాలుగా గిన్నెలో ఆనించి, రోజుకు రెండుసార్లు, ఎండాకాలంలో మూడుసార్లు, నీళ్లు పోసి వంచాలి. నీరు అడుగున నిలిస్తే జిగురొచ్చి పులుస్తాయి. ఒక రోజులో తోకలొస్తాయి.

సింగరాయకొండ నుంచి ఒక పాఠకురాలు: సముద్రపు గాలికి ఉప్పు నీరుకారుతోంది, కందిపప్పుకు పురుగు పడుతోంది. సీసాలో పోస్తే ఆగుతుందా?

ఉప్పు ఆగుతుంది. కాకపోతే రేకు మూత వద్దు, తుప్పే. వేయించి చల్లార్చిన బియ్యం ఒక చెంచా పల్చటి గుడ్డలో మూటకట్టి అందులో పడేయండి. పప్పును ఎండబెట్టి, పూర్తిగా చల్లారాకే సీసాలో పోయండి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి బూజు వస్తుంది. గుడ్లు ముందే పప్పులో ఉంటే సీసా వాటిని చంపదు. ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచి, బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా పొట్లం విప్పకుండా, ఆ తర్వాత నింపండి. కారం, పసుపు సీసాలను వెలుతురు తగలని చోట పెట్టండి, రంగు వెలిసిపోతుంది.

ఆత్మకూరు నుంచి ఒక పాఠకుడు: మిగిలిన చేపల పులుసు సీసాలో పోసి ఫ్రీజర్‌లో పెడితే పగిలింది. మూత బిగించినందుకేనా? పగిలినదాన్ని ఏం చేయాలి?

కొంత మూత, కొంత సీసా ఆకారం. నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం పెరుగుతుంది. మెడ దగ్గర సన్నబడే సీసాలో ఆ పెరిగిన గడ్డ పైకి పోలేక భుజాన్ని చీల్చేస్తుంది. నోరూ ఒళ్లూ ఒకే వెడల్పున్న సీసా తీసుకుని, ముప్పావు వంతే నింపి, ముందు కింది అరలో చల్లబరిచి, ఆ తర్వాత ఫ్రీజర్‌లోకి మార్చండి. గడ్డకట్టాకే మూత బిగించాలి. తీసేటప్పుడు కూడా ముందురోజు రాత్రే కింది అరలోకి దించాలి, కుళాయి కింద పెట్టకూడదు.

పగిలిన సీసాలోని పులుసు వడగట్టి తినే ఆలోచన వద్దు. ముక్కలను నాలుగు మడతల పేపర్లో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, టేపు వేసి, పైన ‘గాజు’ అని పెద్దగా రాసి, చెత్త బండి వాళ్ల చేతికే విడిగా ఇవ్వండి. అద్దం ముక్కలు, బల్బులు, వంటకు వాడే గట్టి గాజు పాత్రలు అందులో కలపకండి. అవి సీసా గాజుతో కలిసి సరిగా కరగవు.