ఒక్క 'ఉంటే' చాలు

చిరంజీవికి ఆశీస్సులు.

డాలస్ నుంచి నువ్వు పంపిన వ్యాసమూ, దానికి జతచేసిన ఉత్తరమూ చేరాయి. 'లూకా మా ఊళ్లోనే ఉండి ఉంటే' అన్న శీర్షిక బాగుంది. 2025 ఫిబ్రవరి మొదట్లో, రాత్రి బాగా పొద్దుపోయాక, ఎన్‌బీఏ అనే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడే డాలస్ మావెరిక్స్ జట్టు తన మేటి ఆటగాడు లూకా డాంచిచ్‌ను లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కు ఇచ్చివేసి ఆంథొనీ డేవిస్‌ను తెచ్చుకుందన్న వార్త విన్నప్పుడు మీరంతా పడిన బాధ నీ వాక్యాల్లో తెలుస్తూనే ఉంది. అంతకు ముందు జూన్‌లోనే లూకా జట్టును ఫైనల్స్ దాకా తీసుకువెళ్లాడు గనుక ఆ బాధకు అర్థం లేదని నేను అనలేను. అయితే పెన్సిలు పట్టుకుని లెక్కపెడితే, మూడో పేరా ముగిసేసరికి అయిదు 'ఉంటే'లు తేలాయి. మీ జట్టులోని కైరీ ఐర్వింగ్ మోకాలికి గాయం కాకుండా ఉంటే అన్నావు, ఓక్లహోమా సిటీ జట్టు మధ్యలో తడబడి ఉంటే అన్నావు, ఇంకా ఏవేవో అన్నావు. నాలుగో పేరాకల్లా మీ జట్టు చేతిలో మూడు ట్రోఫీలు ఉన్నాయి.

ఇటువంటి మాటలకు మన పెద్దవాళ్ల దగ్గర ఒక సామెత ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది: అత్తకు మీసాలు మొలిస్తే మామ అవుతుందని. ఊహాప్రశ్నలు రాసేవాడికి మొదట ఎదురయ్యే పాఠకుడు ఆ సామెతను నాలుక చివర పెట్టుకుని కూర్చున్నవాడే. ఆయన్ను తోసిపుచ్చకు, ఆయన మాటలో న్యాయముంది. అత్తకు మీసాలు అన్నది ఎందుకు నవ్వు పుట్టిస్తుందంటే, ఆ ఒక్కటి జరగాలన్నా సృష్టి అంతా తిరగబడాలి. గాలిలో గిరగిర తిరుగుతున్న నాణెం బొమ్మకు బదులు బొరుసు పడాలంటే మాత్రం లోకంలో ఇంకేదీ కదలనక్కర్లేదు. ఈ తేడాను నాలో నేను 'మార్పు ఖరీదు' అని పిలుచుకుంటాను. ఊహాప్రశ్న ఎంత చవగ్గా అడగగలిగితే దాని జవాబుకు అంత విలువ ఉంటుందన్నదే ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది. అది నేర్చుకోవడానికి నేను ఒకసారి బాగా నవ్వులపాలు కావలసి వచ్చింది, ముందు ఆ సంగతి చెబుతాను.

ఆటల గురించి రాయడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ అందరూ అడిగే ప్రశ్నే అడిగాను: 1984 డ్రాఫ్టులో, అంటే జట్లు వరుసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఏటి కార్యక్రమంలో, పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్ రెండో ఎంపికగా శామ్ బోవీని కాకుండా మైకేల్ జోర్డాన్‌ను తీసుకుని ఉంటే? తెలిసిన కథే కదా, హ్యూస్టన్ మొదట హకీం ఒలాజువాన్‌ను తీసుకుంది, పోర్ట్‌లాండ్ బోవీని తీసుకుంది, మూడో స్థానంలో ఉన్న షికాగో బుల్స్‌కు జోర్డాన్ దక్కాడు, ఆ తరువాత షికాగోకు ఆరు ట్రోఫీలు వచ్చాయి. నేను పోర్ట్‌లాండ్ పెద్దలను కళ్లుండీ చూడలేని మూర్ఖులుగా చిత్రించి, ఆ ఆరు ట్రోఫీలనూ షికాగో నుంచి మోసుకువెళ్లి పోర్ట్‌లాండ్ గుమ్మంలో దించాను. వారం తిరగకముందే ఒక పాఠకుడి పోస్టుకార్డు వచ్చింది. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న: 'అయ్యా, అప్పటికి క్లైడ్ డ్రెక్స్‌లర్ ఏ జట్టులో ఉన్నాడో తమరికి తెలుసా?'

నాకు తెలియదు. డ్రెక్స్‌లర్‌ను పోర్ట్‌లాండ్ అంతకు ముందు ఏడాదే, 1983లో, 14వ ఎంపికగా తెచ్చుకుంది. అతడిదీ జోర్డాన్ ఆడే స్థానమే. అదే స్థానంలో ఆల్‌స్టార్ జిమ్ పాక్సన్ కూడా ఉన్నాడు. జట్టుకు కావలసింది నడిమిట నిలబడే పొడగరి. 1977లో ఆ ఊరికి ఏకైక ట్రోఫీ తెచ్చిపెట్టినవాడు బిల్ వాల్టన్ అనే సెంటర్, కాబట్టి సెంటర్ ఉంటేనే ఛాంపియన్ కాగలమన్న నమ్మకం వారికి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు, కళ్లారా చూసింది. కాలి గాయాలతో కళాశాలలో రెండు సీజన్లు పోగొట్టుకున్న బోవీని ఎంచుకోవడంలో ప్రమాదం లేదని నేననను. కానీ పోర్ట్‌లాండ్ జోర్డాన్‌ను ఎంచుకోవాలంటే ఆ గదిలో కూర్చున్నవారి అవసరం, అనుభవం, ఆనాటి ఆటకు ఉన్న లోకజ్ఞానం, మూడూ మారాలి. అంత ఖరీదు పెట్టి కొన్న ఊహలో మిగిలేది మన తెలివి ఒక్కటే. అది కూడా తరువాత ఏం జరిగిందో చూసినవాడి తెలివి.

ఆ పోస్టుకార్డు తరువాత సిగ్గుతో కూర్చుని ఆ డ్రాఫ్టును మళ్లీ చదివాను. అప్పుడు దొరికింది అసలైన ప్రశ్న. ఆ రోజుల్లో మొదటి ఎంపిక ఎవరిదన్నది రెండు విభాగాల్లోని చివరి జట్ల మధ్య నాణెం ఎగరేసి తేల్చేవారు, లాటరీ వచ్చింది 1985లోనే. 1984లో ఒకవైపు హ్యూస్టన్ ఉంది, మరోవైపు ఉండవలసినది ఇండియానా పేసర్స్. కానీ 1981లో టామ్ ఓవెన్స్ అనే సెంటర్ కోసం ఇండియానా ఆ ఎంపిక హక్కును పోర్ట్‌లాండ్‌కు ఇచ్చేసింది. ఆ సీజన్‌లో 48 మ్యాచ్‌లు గెలిచిన పోర్ట్‌లాండ్ చివరి జట్ల వరుసలో నిలబడి నాణెం ఆడటానికి కారణం అదే. పోర్ట్‌లాండ్ ఓడింది. ఇప్పుడు ఒకే ఒక్కటి మార్చి చూడు: నాణెం రెండో వైపు పడి ఉంటే?

అప్పుడు ఎవరి బుద్ధీ మార్చనక్కర్లేదు. సెంటర్ కోసం వెతుకుతున్న పోర్ట్‌లాండ్ తన అవసరం ప్రకారమే ఒలాజువాన్‌ను తీసుకుంటుంది. అతడూ డ్రెక్స్‌లరూ హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో సహచరులు, 1983లో కలిసి కళాశాలల ఫైనల్ దాకా వెళ్లినవారు. ఇక హ్యూస్టన్‌కు రాల్ఫ్ సాంప్సన్ రూపంలో అప్పటికే ఒక మహాకాయుడు ఉన్నాడు, రెండో ఎంపికలో వారి చూపు జోర్డాన్ మీదికి మళ్లడానికి బలమైన కారణముంది. ఒక్క నాణెం తిరిగితే మూడు నగరాల చరిత్ర తిరుగుతుంది. ఇంకో విశేషమేమంటే, ఈ ఊహలో ఒక ముక్కను చరిత్రే పరీక్షించి చూపింది. 1995 ఫిబ్రవరిలో డ్రెక్స్‌లర్ హ్యూస్టన్‌కు మారాడు, ఆ ఏడాదే ఒలాజువాన్‌తో కలిసి ట్రోఫీ ఎత్తాడు. వాళ్లిద్దరూ కలిస్తే గెలుస్తారా అన్న ప్రశ్నకు మనం కల్పించి చెప్పవలసిన పని లేకుండా పోయింది. ఇటువంటి సాక్ష్యం కోసం వెతకడమే ఊహాప్రశ్న రాసేవాడి శ్రమలో ముఖ్యమైన భాగం.

నాణేలు ఇంకా ఉన్నాయి. 1969లో ఫీనిక్స్ బొమ్మ అన్నది, బొరుసు పడింది, తరువాతి కాలంలో కరీం అబ్దుల్ జబ్బార్‌గా పేరు మార్చుకున్న లూ ఆల్సిండర్ మిల్వాకీకి వెళ్లి 1971లో ట్రోఫీ తెచ్చాడు. 2019 మే నెలలో ఫిలడెల్ఫియా మీద ఏడో మ్యాచ్ చివరి క్షణంలో కవాయ్ లెనార్డ్ వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది, ఆ ఏడాది టొరంటో ఛాంపియన్ అయింది. నాలుగోసారి బయటికి జారి ఉంటే అని అడగడానికి పైసా ఖర్చు లేదు. కానీ అక్కడొక జాగ్రత్త అవసరం. అప్పటికి స్కోరు 90-90. బంతి బయటికి పోయినంత మాత్రాన ఫిలడెల్ఫియా గెలిచినట్టు కాదు, ఆట అదనపు సమయానికి వెళ్లేది, అంతే. చవకైన ప్రశ్నకు ఖరీదైన జవాబు అంటగట్టడం కూడా తప్పే.

కొన్ని ఓటములకు నాణెం దొరకదు. కర్ణుడి చావుకు కారణాలు అనేకం అని మనం ఊరికే అనుకోము. 2016 ఫైనల్స్‌లో, ఆ సీజన్‌లో 73 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ 3-1 ఆధిక్యం నుంచి క్లీవ్‌లాండ్ చేతిలో ఓడింది. ఆ జట్టు ఆటగాడు డ్రేమండ్ గ్రీన్ అయిదో మ్యాచ్‌కు సస్పెండ్ కాకుండా ఉంటే అని అభిమానులు నేటికీ వాదిస్తారు. అదే మ్యాచ్‌లో వారి ఆండ్రూ బోగట్ మోకాలు దెబ్బతిన్నది, స్టెఫెన్ కరీ తొలి రౌండ్ నుంచే గాయంతో ఆడుతున్నాడు, ఆ రాత్రి క్లీవ్‌లాండ్ తరఫున లెబ్రాన్ జేమ్స్, అప్పట్లో అక్కడే ఆడిన ఐర్వింగ్ చెరి 41 పాయింట్లు వేశారు. ఇన్ని శాపాల్లో ఒకదాన్ని తీసేస్తే కర్ణుడు బతుకుతాడని రాయాలంటే మిగిలిన శాపాలను పేరుపేరునా పాఠకుడి ముందు పెట్టి రాయాలి. దాచిపెట్టి రాసినది వాదం కాదు, వకాల్తా.

నన్నడిగితే ఆ వేసవిలో అంతకన్నా మంచి ప్రశ్న మైదానం బయట ఉంది. కొత్త టెలివిజన్ ఒప్పందం వల్ల ఒక్కొక్క జట్టు జీతాల పరిమితి సుమారు 7 కోట్ల డాలర్ల నుంచి ఒకేసారి 9.4 కోట్లకు పెరిగింది. ఆ పెంపును కొన్నేళ్ల మీద మెట్లుమెట్లుగా పంచుదామని లీగ్ అడిగితే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోలేదు. ఒప్పుకుని ఉంటే, కరీ, క్లే థాంప్సన్, గ్రీన్ ఉన్న జట్టులోకి కెవిన్ డ్యూరాంట్‌ను చేర్చుకునేంత చోటు గోల్డెన్ స్టేట్‌కు తేలికగా దొరికేది కాదు. 2017, 2018 ట్రోఫీల వెనుక ఒక లెక్కల పుస్తకం ఉందని పాఠకుడికి చూపించగలిగితే, అతడు బంతి వెనకాల ఉన్న ఆటను మొదటిసారి చూస్తాడు. డబ్బు గురించి రాయడానికి కొత్తవాళ్లు ఎందుకో మొహమాటపడతారు. నువ్వు పడకు.

నియమాలను మార్చే ప్రశ్నలు వేరే జాతివి. దూరం నుంచి వేసిన బంతికి రెండుకు బదులు మూడు పాయింట్లు ఇచ్చే గీత ఈ లీగ్‌లోకి 1979-80 సీజన్‌లో వచ్చింది, అదే పీట్ మరావిచ్ చివరి సీజన్. లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆ గీత లేకుండానే మ్యాచ్‌కు సగటున 44.2 పాయింట్లు వేసిన మనిషి అతడు. గీత ఉండి ఉంటే 50 దాటేవాడని లెక్కలు కట్టేవారు, అతడు దూరం నుంచి వేసిన ప్రతి బంతికీ ఒక పాయింటు కలిపి కూడిక పూర్తి చేస్తారు. గీత ఉన్నప్పుడు ఎదుటి జట్టు కూడా ఆ గీత దాకా వచ్చి కాపలా కాస్తుందని మరచిపోతారు. నియమం మారితే ఆడే పదిమందికీ మారుతుంది. విల్ట్ చాంబర్లిన్ నేడు ఆడితే ఎన్ని వేస్తాడన్న ప్రశ్నను నేను రాయను, నువ్వు రాస్తానంటే అడ్డుపడను. 1961-62లో మ్యాచ్‌కు 50.4 పాయింట్లు వేసినవాడు అదనపు సమయం కలుపుకుని సగటున 48.5 నిమిషాలు మైదానంలో ఉన్నాడని, మామూలు మ్యాచ్ నిడివే 48 నిమిషాలని మాత్రం చెప్పి మొదలుపెట్టు. అంతసేపు ఆడనిచ్చే శిక్షకుణ్ణి కూడా నువ్వే ఈ కాలానికి తీసుకురావాలి మరి.

ఒకచోట కలం ఆపమని చెప్పాలి. 1986 జూన్ 17న బోస్టన్ సెల్టిక్స్ రెండో ఎంపికగా లెన్ బయాస్‌ను తీసుకుంది. రెండు రోజులకు ఆ 22 ఏళ్ల కుర్రవాడు కొకెయిన్ వల్ల చనిపోయాడు. బతికి ఉంటే బోస్టన్‌కు ఇంకెన్ని ట్రోఫీలు వచ్చేవన్నది ఏటా ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. నేను కూడా ఒకప్పుడు రాయబోయి చించేశాను. ఒక తల్లి కడుపుకోతను ట్రోఫీల్లో కొలవడం నాకు చేతకాలేదు. పైగా ఆ మరణం ప్రభావం ఆటలో ఆగలేదు. అది దేశంలో రేపిన కలవరం అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ చేసిన కఠినమైన మాదకద్రవ్యాల చట్టానికి ఊపునిచ్చింది, ఆ చట్టంలోని కనీస శిక్షల కింద వేలమంది ఏళ్ల తరబడి జైళ్లలో ఉన్నారు. అతడు బతికి ఉంటే అన్న ప్రశ్నకు నిజమైన బరువు అక్కడ ఉంది. ఆ బరువు మోయగలనన్న నమ్మకం కుదిరాక రాయి.

భాష గురించి ఒక మాట. ఈ పనికి మన తెలుగు ఎంత అనువైనదో నువ్వింకా గమనించినట్టు లేదు. 'గెలిస్తే' వేరు, 'గెలిచి ఉంటే' వేరు. మొదటిది ఇంకా తెరిచి ఉన్న తలుపు, రెండోది మూసుకుపోయిన తలుపు. నీ వ్యాసంలో రెండూ ఒకే పేరాలో కలిసిపోయాయి. అలాగే ఫలితం చెప్పేచోట 'గెలిచేది', 'గెలిచి ఉండేదేమో', 'గెలిచి ఉండవచ్చు' అన్న మూడు మెట్లున్నాయి. నీ దగ్గరున్న సాక్ష్యం ఏ మెట్టు దాకా వస్తుందో అక్కడ నిలబడు. నీ పదకొండు ఫలితాల్లో పదింటికి 'గెలిచేది' అని రాశావు. కనీసం ఏడింటిని కింది మెట్టుకు దించాలి.

ఇక నీ ఆరో పేరా. లూకా బంతి అందిస్తుంటే కూపర్ ఫ్లాగ్ గాలిలోకి లేచి బుట్టలో వేసే ఆ దృశ్యం, వ్యాసం మొత్తంలో నీకు అన్నిటికన్నా ఇష్టమైన చోటని చదువుతుంటేనే తెలిసింది. అదే నీ వ్యాసాన్ని కూల్చేసింది. లూకా వెళ్లిన తరువాత డాలస్ కుంటుతూ సీజన్‌ను 39 గెలుపులు, 43 ఓటములతో ముగించింది, ప్లే-ఇన్ అనే అర్హత పోటీలో మెంఫిస్ చేతిలో ఓడింది, అందువల్ల తుది పోటీలకు చేరని జట్ల మధ్య డ్రాఫ్టు వరుసను తేల్చే లాటరీలోకి దిగింది, అక్కడ 1.8 శాతం అవకాశంతో మొదటి ఎంపిక గెలుచుకుంది, ఆ ఎంపికతో ఫ్లాగ్ వచ్చాడు. లూకాను ఉంచేస్తే ఈ గొలుసులో మొదటి లంకే ఊడిపోతుంది. ఇద్దరినీ ఒకే జట్టులో నిలబెట్టడానికి నీకు హక్కు లేదు. కానీ ఇక్కడే నీకు నిజమైన వ్యాసం దొరికింది: లూకా ఉండి ఉంటే ఫ్లాగ్ ఉండేవాడు కాడు, మీ ఊరివాళ్లు ఈ ఇద్దరిలో ఎవరిని కోరుకుంటారు? రక్షణ బలంగా ఉన్న జట్టే ట్రోఫీలు గెలుస్తుందని చెప్పి లూకాను పంపిన అప్పటి జనరల్ మేనేజర్ నీకో హారిసన్ మాటను ఎగతాళి చేయకుండా, ఆయన కుర్చీలో ఒక పూట కూర్చుని, ఆయన లెక్కను ఆయన పక్షాన రాసి, ఆ తరువాత కాదను.

నాలుగు, ఆరు పేరాలు తీసేసి నెలలోపు మళ్లీ పంపు. ఐర్వింగ్ మోకాలి జోలికి మాత్రం పోకు, దాన్ని జరిగింది జరిగినట్టే ఉండనివ్వు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు