టీకా తేదీలను ఫోనే గుర్తుచేస్తుంటే ఇక కార్డు ఎందుకు?

పాపకు నాలుగో నెల నడుస్తోంది, ఇప్పుడు పుట్టింట్లో ఉన్నాను, వచ్చే నెల అత్తవారింటికి వెళ్తాను, టీకా తేదీలు ఫోనుకే వస్తున్నప్పుడు కార్డు దాచుకోవాల్సిన అవసరం ఉందా అని అడిగారు. ఉంది. సందేశాలు మంచివే, కాకపోతే మనం ఇల్లు మారే సమయంలోనే అవి అందాల్సిన మనిషికి అందకుండా పోతాయి. ముందుగా ప్రభుత్వం టీకాల వివరాలు నమోదు చేసి ఫోనుకు సందేశాలు పంపే యు-విన్‌లో పాప పేరు ఎవరి నంబరు మీద నమోదైందో కనుక్కోండి.

నాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడి రోజుల్లో ఈ సందేశాలేవీ మాకు రాలేదు. బుధవారం పొద్దున్నే ఆశా కార్యకర్త గేటు దగ్గర నిలబడి "అమ్మా, ఇవాళ సూది ఉంది, బాబును తీసుకురా" అని కేక వేస్తే వెళ్లేవాళ్లం. 2024 అక్టోబరులో యు-విన్ దేశమంతటికీ వచ్చింది. మా చిన్నది పుట్టింది ఆ తర్వాతే. ఆసుపత్రిలో వివరాలు చెప్పింది మావారు, చెప్పిన నంబరూ ఆయనదే. నేను పుట్టింట్లో, ఆయన బెంగళూరులో. పది వారాల సూది సందేశం బ్యాంకు లోన్ల ప్రకటనల మధ్య ఆయన ఫోనులో పడి ఉంది. ఆయన చూసి నాకు పంపేసరికి మా ఊళ్లో సూదులు వేసే నర్సమ్మ, ఏఎన్ఎమ్ గారు పెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. శనివారం పక్క ఊరి అంగన్‌వాడీలో ఉందంటే ఆటో మాట్లాడుకుని వెళ్లి వేయించుకొచ్చాం.

ఆ తర్వాత మా ఏఎన్ఎమ్ గారు కార్డు మీద నా నంబరు రాయించి, తన పుస్తకంలోనూ ఎక్కించుకున్నారు. పద్నాలుగు వారాల సూదికి ముందురోజు స్వయంగా ఫోను చేశారు: "రేపు పదింటికల్లా రా. కార్డు మరిచిపోకు." పాపకు జలుబుగా ఉంది, ఇప్పుడు సూది ఎందుకని మా అమ్మ పక్క నుంచి అడ్డుపడితే, ఫోను ఆవిడకే ఇమ్మని, మామూలు జలుబుకు టీకా ఆపనక్కర్లేదని ఓపికగా చెప్పారు. ఆ పని ఏ సందేశమూ చేయలేదు. మన ఇళ్లలో టీకా వాయిదా పడేది మతిమరుపుతో ఎంతో, ఇలాంటి మాటలతోనూ అంతే అని నాకనిపిస్తుంది.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. పశ్చిమ కెన్యా పల్లెల్లో జరిగిన ఒక అధ్యయనం 2017లో వెలువడింది. ఏ సందేశమూ అందని ఊళ్లలో 82 శాతం పిల్లలకు టీకాలు పూర్తయితే, సందేశం మాత్రమే అందిన చోట 86 శాతం మందికి పూర్తయ్యాయి. ఆ కాస్త తేడా సందేశాల వల్లనే వచ్చిందని గట్టిగా చెప్పలేమని తేల్చారు. సందేశంతో పాటు సకాలంలో వేయించిన ప్రతి టీకాకూ 200 షిల్లింగులు ఇచ్చిన చోట 90కి చేరింది. హర్యానాలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఊళ్లో ఏ కబురైనా ఎవరి నోట పడితే నలుగురికీ చేరుతుందో గ్రామస్థులనే అడిగి, అలాంటివారికి టీకాల సంగతి అప్పగించారు. పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితం దక్కింది వాళ్లూ ఫోను సందేశాలూ కలిసిన చోటే, కానుకలేవీ లేకుండానే.

ఇక మీ పాప సంగతి. పద్నాలుగు వారాలవి అయిపోయి ఉంటే తర్వాతివి తొమ్మిది నెలలు నిండాకే: తట్టు, రుబెల్లా మొదటి డోసు, పోలియో సూది, న్యుమోనియా టీకా బూస్టర్, విటమిన్ ఎ చుక్కలు. ఈ ఐదారు నెలల విరామంలోనే చాలామందికి టీకాల ధ్యాస తప్పుతుంది. పైగా మీకు ఈలోగా ఊరు మారుతుంది, ఏఎన్ఎమ్ మారతారు. కార్డు ఉంటే కొత్త ఊళ్లో అడిగిన దానికల్లా అదే సమాధానం. ఒకవేళ తేదీ దాటినా కంగారుపడకండి, మళ్లీ మొదటి నుంచి వేయరు, ఆగిన చోటి నుంచే కొనసాగిస్తారు. తట్టు టీకాకు మాత్రం పొద్దున్నే వెళ్లండి. పొడి మందును కలిపాక నాలుగు గంటలు దాటితే మిగిలింది పారేయాల్సిందే, కాబట్టి మధ్యాహ్నం ఒక్క బిడ్డ కోసం కొత్త సీసా విప్పడానికి మా దగ్గరైతే కాస్త తటపటాయిస్తారు.

కార్డును రెండు వైపులా ఫోటో తీసి మీవారికీ మీ అత్తగారికీ పంపండి. పాపకు తొమ్మిది నెలలు నిండాక వచ్చే మొదటి మంగళవారానికి, అంటే సూదుల బుధవారానికి ముందురోజుకు, మీ ఫోనులోనూ, పాపను ఎత్తుకుని మీతో వచ్చేవారి ఫోనులోనూ అలారం పెట్టండి. అత్తవారి ఊరు చేరగానే అక్కడి ఆశా కార్యకర్త నంబరు తీసుకుని, సూదులు ఏ రోజు ఎక్కడ వేస్తారో అడిగి తెలుసుకోండి. పదహారు నెలలు నిండాక తట్టు రెండో డోసూ, డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా), పోలియో బూస్టర్లూ ఉంటాయి, వాటికీ ఇప్పుడే అలారం పెట్టేయండి.