22 వేల పాటలకు ఏ ప్లేయర్?

చి. సౌమ్యకు పెదమావయ్య ఆశీస్సులు.

నీ మెయిల్ చూశాను. మా బావగారి, అంటే మీ నాన్నగారి హార్డ్ డిస్క్‌లో 22,000 పాటలు, 305 జీబీ. షష్టిపూర్తి నాటికి అవన్నీ పట్టే ప్లేయర్ ఒకటి ఆయన చేతిలో పెట్టాలంటావు. నువ్వు పంపిన మూడు లింకులూ చదివితే ఎంతసేపూ పాట ఫైలును శబ్దంగా మార్చే డాక్ చిప్ గొప్పలే. ఆ ధరలో ఏ చిప్ అయినా బావగారు వినే పాటలకు చాలు. ఇంత కలెక్షన్ ఉన్నప్పుడు ముందు చూడాల్సింది అడిగిన పాట ఎంత తొందరగా దొరుకుతుందని, దాని పేరు ఆయన సులువుగా చదవగలరా అని. అక్కడ తేలిపోయిన ప్లేయర్ ఎంత తీయగా పాడినా పది రోజుల్లో సొరుగులోకి చేరుతుంది.

ముందు జాగా లెక్క. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీత్రీ నిమిషానికి దాదాపు 1 ఎంబీ తింటుంది, 320 అయితే 2.4 ఎంబీ. ఆడియో సీడీ నుంచి ఏ వివరమూ పోకుండా తీసిన ఫ్లాక్ ఫైలు నిమిషానికి 5 నుంచి 7 ఎంబీ. సీడీకన్నా సూక్ష్మంగా రికార్డు చేసిన 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ ఫ్లాక్ ఫైళ్ళయితే 15 దాటుతుంది. ఒకప్పుడు బస్టాండు దుకాణాల్లో దొరికిన, నూటయాభై పాటల ఎంపీత్రీ సీడీలు బావగారి దగ్గర కట్టలకొద్దీ ఉండేవి కదా. 700 ఎంబీలో అన్ని పాటలు పట్టాయంటేనే అవి 128 లేదా అంతకన్నా తక్కువని అర్థం. వాటిని ఫ్లాక్‌లోకి మార్చమని ఎవరైనా చెబితే వినకు. ఎంపీత్రీ చేసినప్పుడు పోయిన వివరం తిరిగి రాదు, సైజు మాత్రం నాలుగైదు రెట్లు పెరుగుతుంది. 1950ల నాటి మోనో పాటలు సీడీ నుంచి ఫ్లాక్‌గా తీసుంటే మాత్రం జాగా గురించి బెంగపడకు. రెండు చానళ్ళలోనూ ఒకే శబ్దం ఉంటే ఫ్లాక్ దాన్ని దాదాపు ఒక్కసారే రాసుకుంటుంది.

నీకు 512 జీబీ మైక్రో ఎస్డీ కార్డు చాలు. అది కంప్యూటర్‌లో 476 జీబీ అనే కనబడుతుంది. కంపెనీ వెయ్యితో లెక్కకడుతుంది, విండోస్ 1024తో. అది మోసం కాదు. 305 పోగా ఇంకా 170 మిగులుతుంది. 1 టీబీకి డబ్బు పోయకు. వేగం విషయంలో కూడా పెద్ద అంకెలు అక్కర్లేదు. సీడీ నుంచి తీసిన ఫ్లాక్ పాట ఆడటానికి మామూలుగా సెకనుకు 0.15 ఎంబీ కూడా పట్టదు, కాబట్టి వీడియో కెమెరాల కోసం చేసిన ఖరీదైన కార్డు ఇక్కడ దండగ.

అసలు మోసం నకిలీ కార్డుల్లో ఉంది. 512 అని ముద్రించినా లోపల 32 జీబీ మాత్రమే ఉంటుంది. కాపీ చేసేటప్పుడు ఏ తప్పూ చూపించదు, ఫైళ్ళ పేర్లన్నీ కనబడతాయి. మొదటి ముప్ఫై జీబీ పాటలు చక్కగా ఆడి, ఆ తర్వాతవి నొక్కితే నిశ్శబ్దం. అందుకే కార్డు రాగానే, ఒక్క పాట కూడా వేయకముందు, విండోస్‌లో హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనో లినక్స్‌లోనో ఎఫ్‌త్రీ అనే పరీక్ష ప్రోగ్రాం నడుపు. కార్డు మొత్తం నింపి తిరిగి చదువుతుంది, గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి తేలిపోతుంది. తప్పు చూపిస్తే అదే రోజు వాపసు పెట్టు.

కార్డును ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళ అమరిక పద్ధతిలో ఫార్మాట్ చెయ్యి. చిన్న ప్లేయర్లలో కొన్ని ఫ్యాట్32 అనే పాత పద్ధతి తప్ప చదవవు, అది స్పెసిఫికేషన్‌లో ముందే చూడు. ఫ్యాట్32 వాడాల్సి వస్తే పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లో కుమ్మరించకు. ఒక ఫోల్డర్‌కి 65,536 గడులే ఉంటాయి. పొడుగాటి పేరు ఒక్కొక్కటీ ప్రతి 13 అక్షరాలకూ ఒక గడి, దానికి తోడు పొట్టి పేరుకు ఇంకో గడి తినేస్తుంది. నలభై అక్షరాల పేర్లతో పదమూడు వేల ఫైళ్ళ దగ్గరే ఫోల్డర్ నిండిపోయి, కార్డులో సగం ఖాళీ ఉన్నా చోటు లేదంటుంది. సినిమాకో ఫోల్డర్, వాటిని దశాబ్దాల వారీగా పెడితే ఈ గొడవ ఉండదు, వెతకడమూ సులువు.

ఇక ట్యాగులు, అంటే ఫైలు లోపల రాసి ఉండే పాట వివరాలు. నీ సెలవుల్లో ఎక్కువ భాగం దీనికే కేటాయించు. ప్లేయర్ పాటలకు పట్టికలు కట్టేది ఫైలు పేరు చూసి కాదు, లోపలి ట్యాగు చూసి. మన సినిమా పాటలతో చిక్కేమిటంటే ఒక్కో పాటకు గాయకులు వేరు. ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడి ఖాళీగా ఉంటే ఆరు పాటల సినిమా చాలా ప్లేయర్లలో ఆరు ముక్కలైపోతుంది. సినిమా పేరు ఆల్బమ్‌లో, గాయకులు ఆర్టిస్ట్‌లో, సంగీత దర్శకుడు ఆల్బమ్ ఆర్టిస్ట్‌లో పెట్టు. సినిమా పేరు పక్కనే సంవత్సరం రాయి. దేవదాసు అంటే 1953దీ ఉంది, 2006దీ ఉంది. సంవత్సరం లేకపోతే రెండూ కలగలిసిపోతాయి.

అంతకన్నా పెద్ద తలనొప్పి ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన పేర్లు. ఘంటసాలను ఒకచోట జీ పక్కన హెచ్ పెట్టి, మరోచోట హెచ్ లేకుండా రాస్తే ప్లేయర్ దృష్టిలో ఇద్దరు ఘంటసాలలు. ఎస్పీ బాలు అని కొన్ని, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం అని కొన్ని, చుక్కలు లేకుండా ఇంకొన్ని ఉంటాయి, బాలు పాటలు పది కుప్పలవుతాయి. ఎంపీత్రీట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆర్టిస్ట్ కాలమ్ మీద నొక్కి వరసలో పెట్టు. ఒకే మనిషి వేర్వేరు స్పెల్లింగులు ఎక్కువగా పక్కపక్కనే వస్తాయి. అన్నీ ఎంచుకుని ఒకేసారి సరిచెయ్యి. డౌన్‌లోడ్ సైట్లు సినిమా పేరు చివర తమ పేరు తగిలిస్తాయి, దాన్ని రీప్లేస్ యాక్షన్‌తో ఒక్క దెబ్బకు తీసేయవచ్చు. ఇంటర్నెట్ నుంచి ట్యాగులు వాటంతటవే తెచ్చే సాఫ్ట్‌వేర్లను పాత తెలుగు పాటల విషయంలో గుడ్డిగా నమ్మొద్దు, డబ్బింగ్ సినిమాల పేర్లు తెచ్చి అంటిస్తాయి. ఏది మార్చినా కాపీ మీద మార్చు, అసలు డిస్క్ జోలికి పోకు.

కచేరీలకు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ విద్వాంసుడు ఆల్బమ్ ఆర్టిస్ట్, వాగ్గేయకారుడు కంపోజర్, పాట పేరులోనే కృతి, రాగం, తాళం. బావగారు రాగం పేరుతోనే వెతుకుతారు.

తెలుగు లిపి సంగతి ఏ సమీక్షలోనూ రాయరు కాబట్టి ఇది నువ్వే చూసుకోవాలి. ఆండ్రాయిడ్ ప్లేయర్లు తెలుగును ఫోన్‌లాగే చక్కగా చూపిస్తాయి. సొంత సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న ప్లేయర్లలో చాలావాటికి తెలుగు ఫాంటే ఉండదు, గళ్ళు గళ్ళుగా కనబడుతుంది. ఫాంటున్నా ఒత్తులు కట్టడం రాకపోవచ్చు. 'స్త్రీ' అన్న మాట స, త, ర విడివిడిగా, మధ్యలో పొల్లులతో పరుచుకుంటుంది. 'స్త్రీ', 'జ్యోత్స్న' అని పేర్లు పెట్టిన రెండు ఫైళ్ళు చాలు, ప్లేయర్‌కి తెలుగు వచ్చో రాదో క్షణంలో బయటపడుతుంది. ఎంపీత్రీల ట్యాగులు ఐడీత్రీ అనే పద్ధతి వెర్షన్ 2.3లో రాయి. పాత వెర్షన్ 1లో ముప్ఫై అక్షరాలే పడతాయి, తెలుగు ప్రశ్నార్థకాలైపోతుంది.

ఆ రెండు ఫైళ్ళతో మొదలుపెట్టి ఒక పరీక్ష కార్డు తయారుచేసుకో. 32 జీబీది చాలు. ఆగకుండా సాగే కచేరీలోంచి వరసగా వచ్చే రెండు ట్రాకులు వెయ్యి. ఆలాపన నుంచి తానంలోకి వెళ్ళేచోట చిన్న గతుకు వినిపిస్తే ఆ ప్లేయర్‌కి గ్యాప్‌లెస్, అంటే విరామం లేకుండా ఆడటం, రాదు. ఎంపీత్రీలో ఫైలు మొదట్లో, చివర్లో కొంత నిశ్శబ్దం చేరుతుంది కాబట్టి ఆ ట్రాకులు ఫ్లాక్‌లో ఉంటేనే పరీక్ష న్యాయంగా ఉంటుంది. గంటకు పైగా ఉన్న ప్రవచనం ఒకటి వెయ్యి. మధ్యలో ఆపి, ప్లేయర్ కట్టేసి, మళ్ళీ వెలిగిస్తే ఆపిన చోటు నుంచే మొదలవ్వాలి. గాయకులు వేరువేరుగా ఉన్న సినిమా ఒకటి. 3000 పిక్సెళ్ళ కవరు బొమ్మ ఉన్న పాట ఒకటి. చిన్న ప్లేయర్లు పెద్ద బొమ్మ దగ్గర నత్తనడక నడుస్తాయి, విడతలుగా తెరుచుకునే ప్రోగ్రెసివ్ జేపెగ్ బొమ్మ అయితే చాలావాటిలో అసలు కనబడదు. మొత్తం కలెక్షన్‌కి బొమ్మలు 500 పిక్సెళ్ళకు తగ్గించు. 1960ల పాట ఒకటి, ఈమధ్య పాట ఒకటి పక్కపక్కన పెడితే కొత్తది చెవులు చిల్లులు పడేలా మోగుతుంది. ఫూబార్2000 అనే కంప్యూటర్ ప్లేయర్‌లో, పాటల మోతను సమం చేసే రీప్లేగెయిన్ వేసి పెట్టు, అసలు శబ్దాన్ని ముట్టుకోకుండా ట్యాగులో ఒక అంకె రాస్తుంది. ప్లేయర్ ఆ అంకెను పట్టించుకుంటుందో లేదో కూడా ఈ కార్డుతోనే తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువులోపు ఇవన్నీ చూసెయ్యి. తర్వాత పూర్తి కార్డు వేసి ఒకసారి స్కాన్ కానివ్వు. కొన్ని ప్లేయర్లు కొన్ని వేల పాటల దగ్గర పట్టిక ఆపేస్తాయి, మిగతావి ఉన్నట్టే ఒప్పుకోవు. చివర్లో చూపించే అంకె 22,000కి దగ్గరగా ఉండాలి. మ్యాక్ నుంచి కాపీ చేస్తే ఆ అంకె రెట్టింపు కావచ్చు. చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే దొంగ ఫైళ్ళు చేరి ఉంటాయి, వాటిని తుడిచెయ్యి.

ఇక ఏది కొనాలి. పాత ఐపాడ్ క్లాసిక్ గురించి అడిగావు. చక్రం తిప్పుతూ వేల పాటల్లోంచి వెళ్ళడానికి దాన్ని మించింది ఇప్పటికీ రాలేదు. కానీ 2014లో ఆపేశారు, పెద్దది 160 జీబీ. హార్డ్ డిస్క్ తీసి ఎస్డీ కార్డులు పట్టే బోర్డు బిగించుకోవచ్చు. ఫ్లాక్ ఆడాలంటే రాక్‌బాక్స్ అనే బయటి సాఫ్ట్‌వేర్ వేసుకోవాలి, అప్పుడూ తెలుగు ఒత్తులు రావు. స్క్రూడ్రైవర్ సరదా ఉన్నవాళ్ళకు బాగుంటుంది, కానుకకు వద్దు. సారెగామా కారవాన్ పాటల పెట్టె బావగారి తరంవాళ్ళకు భలే నచ్చుతుంది గానీ అందులో కంపెనీ నింపిన పాటలే ప్రధానం. పెన్ డ్రైవ్ పెట్టుకోవచ్చు, 22 వేలలో వెతకలేరు. స్నోస్కై ఎకో మినీ అనే చిన్న ప్లేయర్ ముద్దుగా ఉంది, అధికారికంగా 256 జీబీ కార్డు వరకే, కాబట్టి నీ లెక్కకు ఆగదు.

నీకు కావలసింది ఆండ్రాయిడ్ ప్లేయర్, కనీసం 3 జీబీ ర్యామ్, పక్కన నొక్కే బటన్లు. జేబులో ఉండగానే పాట మార్చాలంటే బటన్ ఉండాలి. సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306 చక్కటి తయారీ, తెర 3.6 అంగుళాలే, బావగారికి చిన్నది. ఫియో జేఎం21 తెర 4.7 అంగుళాలు. ఆయనకు నేనైతే రెండోదే చూస్తాను. ఖర్చు తగ్గించాలంటే కార్డు స్లాట్, 3.5 ఎంఎం జాక్ రెండూ ఉన్న ఫోన్ ఒకటి తీసి, సిమ్ వేయకుండా, ఇంటర్నెట్ అడగని మ్యూజికోలెట్ యాప్ పెట్టిచ్చినా సరిపోతుంది. రెండు సిమ్‌లలో ఒకదాని చోటే కార్డుకిచ్చే ఫోన్లున్నాయి, సిమ్ వేయం కాబట్టి మనకు ఇబ్బంది లేదు. ఏ ఆండ్రాయిడ్ అయినా మొదటి స్కాన్ చాలాసేపు పడుతుంది, చార్జర్ పెట్టి వదిలెయ్యి, మధ్యలో కెలికితే మళ్ళీ మొదటికి రావచ్చు.

కార్డు నింపడం ప్లేయర్‌కి కేబుల్ పెట్టి కాదు, కార్డ్ రీడర్‌తో చెయ్యి. యూఎస్‌బీ 2.0 మీద సెకనుకు 30 ఎంబీ వస్తే గొప్ప, 305 జీబీకి దాదాపు మూడు గంటలు, ఈలోపు ఎక్కడో ఆగిపోవచ్చు. పూర్తయ్యాక అదే కంప్యూటర్‌లో ఫ్రీఫైల్‌సింక్‌తో మరో హార్డ్ డిస్క్‌కి కాపీ తీసి మీ ఇంట్లో పెట్టుకో. కార్డు చెప్పి పోదు.

బ్యాటరీ లోపలే అతికించి ఉంటుంది. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద వదిలితే ఒక్క వేసవికే ఉబ్బవచ్చు, అది ఆయనకు గట్టిగా చెప్పు. నెల రోజులు వాడకపోతే సగం చార్జితో పక్కన పెట్టాలి.

ఒక్క విషయం నువ్వు రాయలేదు, బావగారు వినేది దేంతో? బ్లూటూత్ హెడ్‌సెట్‌తోనైతే ప్లేయర్‌లోని డాక్ పక్కకు పోతుంది, శబ్దం తయారయ్యేది హెడ్‌సెట్ లోపలే. అప్పుడు ఫోన్ దారే మేలు. మామూలు వైరు ఇయర్‌ఫోన్స్, 16 లేదా 32 ఓమ్‌లవైతే పైన చెప్పిన సోనీ, ఫియో రెండూ సునాయాసంగా నడుపుతాయి, 4.4 ఎంఎం బ్యాలెన్స్‌డ్ జాక్ కోసం అదనంగా డబ్బు పెట్టొద్దు. నడపడం కష్టమైన 300 ఓమ్‌ల పెద్ద హెడ్‌ఫోన్ ఏదైనా ఆయన దగ్గరుంటే మాత్రం ఆర్డరు పెట్టకుండా దాని మోడల్ నంబరు నాకు పంపు.

ఉంటాను,
పెదమావయ్య