అడుగున ప్రెస్సు పేరు లేని కాగితం

డిజిటల్ వేదికలు వచ్చాక ప్రచురణ బాగుపడిందా, గందరగోళమే పెరిగిందా అని అడిగారు. మీ నాన్నగారు రాసిపెట్టిన ఊరి గుడి చరిత్రను అచ్చు వేయించాలా, పీడీఎఫ్‌గా వదిలితే చాలా అన్నది మీ రెండో ప్రశ్న. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం), అచ్చు పనులతోనే నా బతుకు గడిచింది కాబట్టి నాకు కనిపించింది చెబుతాను. అచ్చు వేయడం సులువైంది. వేసినదానికి పూచీ పడే మనిషి మాత్రం కనిపించకుండా పోయాడు.

ముందు సులువైన సంగతి. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో 'అను' అనే తెలుగు ఫాంట్లతో పనిచేసిన రోజుల్లో మేం కొట్టిన తెలుగు, కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. తెర మీద 'శ్రీ' కనిపించినా లోపల ఉన్నవి ఏవో ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే. ఆ ఫాంటు లేని చోట ఫైలు తెరిస్తే పేజీ నిండా పిచ్చిరాత. దాంతో రచయిత ఒక్క పదం మార్చాలన్నా మళ్లీ మా దగ్గరికే రావాలి. మాకు అది గిట్టుబాటు వ్యవహారమే లెండి. ఏ భాష అక్షరమైనా ఏ కంప్యూటర్లోనైనా అలాగే కనిపించేలా అక్షరానికో సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా అది మా బల్లల దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఇవాళ చంద్రగిరి కోట మీద ఎవరో నాలుగు పేరాలు రాస్తే ఇంకెక్కడో ఉన్నవాళ్లు తెలుగులోనే వెతికి చదువుకుంటున్నారు. పాత ఫైళ్లు మాత్రం ఇప్పటికీ తలనొప్పే. యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కానీ, క్రావడి ఒకచోట ఉండాల్సింది పక్క అక్షరానికి తగులుకుంటుంది, ఒత్తులు ఊడిపోతాయి. ప్రూఫు మళ్లీ మొదటి పేజీ నుంచి చూడాల్సిందే.

ఖర్చు సంగతీ మారింది. పేజీని ప్లేటు మీదికి ఎక్కించి అచ్చువేసే ఆఫ్‌సెట్‌లో వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా ప్లేటు ఖర్చు ఒకటే. అందుకే కవులు ధైర్యం చేసి వెయ్యి వేయించేవారు, ఆవిష్కరణ సభలో పంచినవి పోగా మిగతావి అటకెక్కేవి. డిజిటల్ ముద్రణలో ప్లేటే లేదు, యాభై కావాలంటే యాభై వేయించుకోవచ్చు.

ఇక పోయినదాని గురించి. ఇంట్లో పాత కరపత్రం ఏదైనా ఉంటే తీసి అడుగున చూడండి. చీమ తలంత అక్షరాల్లో ప్రెస్సు పేరు, ఊరు ఉంటాయి. అది మా ప్రచారం కోసం వేసుకున్నదని చాలామంది అనుకుంటారు. 1867 నాటి చట్టం వేసి తీరాలంది, వేశాం. 2023లో ఆ చట్టం స్థానంలో కొత్తది వచ్చింది. ఎన్నికల కరపత్రాలకైతే ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127ఏ సెక్షన్ ఇంకా గట్టిది. ముద్రించినవాడి పేరు, ప్రచురించినవాడి పేరు, ఇద్దరి చిరునామాలూ కాగితం మీద ఉండాలి. వేయించే మనిషి సంతకం చేసి, తనను ఎరిగిన ఇద్దరితో ధ్రువీకరింపజేసిన ప్రకటన మాకు ఇవ్వాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఎన్నికల రోజుల్లో షట్టరు సగం దించాక వచ్చేవారు కొందరు. ప్రత్యర్థిని ఇష్టం వచ్చినట్టు తిడుతూ రాసిన కాగితం బల్ల మీద పెట్టి, "పేరు లేకుండా వేసిపెట్టండి, డబ్బు ఎంతైనా పరవాలేదు" అనేవారు. సంతకం చేయండి, ఇద్దరు సాక్షులను తీసుకురండి అనగానే కాగితం మడిచి జేబులో పెట్టుకునేవారు. కొందరు అక్కడే కూర్చుని బాగా ఘాటుగా ఉన్న రెండు వాక్యాలు కొట్టేసి మళ్లీ ఇచ్చేవారు. అడుగున ఉన్న ఆ ఒక్క వరుస అంత పని చేసేది. మేమేదో సత్యసంధులమని కాదు, మాకు కేసుల భయం.

ఇప్పుడు అదే మనిషికి మా గుమ్మం తొక్కే అవసరం లేదు. ఫోనులోనే బొమ్మ తయారుచేసి గ్రూపుల్లో వదిలితే సరి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు 2018లో దేశంలో చాలాచోట్ల అమాయకుల ప్రాణాలు తీశాయి. ఆ సందేశాలకు మొదట రాసినవారి పేరు లేదు, తేదీ లేదు. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశమైతే ఒకసారికి ఒక్క చాట్‌కే అంది. వేగం తగ్గి ఉండవచ్చు. రాసినవాడు ఎవరన్నది మాత్రం అప్పటిలాగే చీకట్లో ఉంది.

ప్రతిసారీ దురుద్దేశమే ఉండాలని లేదు. తిరుమలలో ఇన్ని కంపార్ట్‌మెంట్లు నిండాయి, సర్వదర్శనానికి ఇన్ని గంటలు పడుతుంది అనే వార్త ఇక్కడి పేపర్లలో రోజూ ఉండేదే. పేపరులో పైన తేదీ ఉంటుంది కాబట్టి అది నిన్న రాత్రి లెక్క అని చదివేవాడికి తెలుసు. అదే వార్తను ఎవరో ఫొటో తీసి, తేదీ ఉన్న భాగం కత్తిరించి పంపుతారు. అది వారాల తరబడి తిరుగుతుంది. బయట ఊళ్ల బంధువులు దాన్ని చూసి రైలు టికెట్లు రద్దు చేసుకుంటారు, లేదా ఖాళీగా ఉందనుకుని చంటిపిల్లలతో దిగుతారు. తిరుపతిలో ఇల్లున్న ప్రతివారికీ ఈ ఫోన్లు అలవాటే. గంగమ్మ జాతరకూ ఇదే తంతు. ఏ రోజు ఏ వేషం అని వేసిన నిరుటి ఆహ్వానం ఈ ఏడు మళ్లీ చక్కర్లు కొడుతుంది, సంవత్సరం కనిపించదు.

పాతకాలమే బంగారం అని నేను అనను. అన్నమయ్య కీర్తనలు రాగిరేకుల మీద భద్రంగానే ఉన్నాయి, కానీ శతాబ్దాల పాటు చదివినవారు ఎవరు? వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు పరిష్కరించి అచ్చుకు ఇచ్చాకే జనం నోట పడ్డాయి. ఇప్పుడు తిరుమల తిరుపతి దేవస్థానం తన పుస్తకాలను వెబ్‌సైట్‌లో ఉచితంగా పెట్టింది. నాలాంటివాడికి అదొక పెన్నిధి.

మీ పుస్తకం సంగతి. అచ్చు, పీడీఎఫ్ రెండూ చేయండి, మొత్తం యూనికోడ్‌లోనే టైపు చేయించండి. యాభై, వంద కాపీలకు మించి వేయించకండి. పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఐఎస్‌బీఎన్ కోసం రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు, ఉచితమే. ఎస్వీ యూనివర్సిటీ గ్రంథాలయానికి ఒక కాపీ ఇవ్వండి. ఫోనులో పేజీలు విడివిడిగా తిరుగుతాయి కాబట్టి ప్రతి పేజీ అడుగున పుస్తకం పేరు, మీ నాన్నగారి పేరు, సంవత్సరం వేయించండి. ఊరివాళ్లు చెప్పిన కథ ఏది, శాసనంలో ఉన్నది ఏది అన్నది ఆ పేజీలోనే తెలిసేలా రాయించండి. పని అయ్యాక డీటీపీవారు పీడీఎఫ్ ఒక్కటే ఇచ్చి పంపబోతారు, తర్వాత మార్పులు చేసుకోవడానికి వీలయ్యే మూల ఫైలు కూడా అడిగి తీసుకోండి. కొందరు ఇవ్వడానికి నసుగుతారు, అందుకని ఆఖరి వాయిదా డబ్బు చేతిలో పెట్టకముందే అడగండి.